చూసినవాడి సాక్ష్యం: ప్రపంచ సినిమా సమీక్షకు తెలుగు మాట

సినిమా సమీక్ష అనగానే, విడుదలైన చిత్రాన్ని చూసి, దాని బాగోగులు చెప్పి, చూడవచ్చునో లేదో పాఠకుడికి సూచించే రచన అని మనం అనుకొంటాం. ఊళ్లో ఆడుతున్న సినిమాకు ఈ నిర్వచనం సరిపోతుంది. ఇతర దేశాల కళాత్మక చిత్రాలకు, డాక్యుమెంటరీలకు సరిపోదు. రాయచూరు జిల్లా దేవదుర్గ వంటి తాలూకా కేంద్రంలో, అలాగే ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లోని చాలా ఊళ్లలో, అటువంటి చిత్రం మొదట మాటగానే చేరింది. బొమ్మ కొన్ని ఏళ్లకు వచ్చింది, లేదా రానేలేదు. అందువల్ల ఆ సమీక్షకుడు పాఠకుడితోపాటు చూసి తీర్పు చెప్పేవాడు కాడు. పాఠకుడి తరఫున వెళ్లి చూసి వచ్చి చెప్పే సాక్షి. సాక్షి ఏ భాషలో, ఏ వాక్యంలో చెప్పాడన్నది అప్పుడు శైలికి సంబంధించిన ప్రశ్నగా మిగలదు. అది నిజానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను చరిత్రలో పెట్టి చూడడానికి ఒక ప్రయత్నం.

దేవదుర్గను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1956 నవంబరు 1 వరకు ఇది నిజాం పాలనలోను, తరువాత హైదరాబాద్ రాష్ట్రంలోను భాగం. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లింది; ఆ జిల్లాలోనే ఉండిన గద్వాల, ఆలంపురం తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. సరిహద్దు మారినంత మాత్రాన నోళ్లు మారలేదు. కన్నడం, తెలుగు, దక్కనీ ఈ దోఆబ్‌లో పక్కపక్కనే బతుకుతున్నాయి. ఈ మూడూ విని పెరిగినవాడికి, ఒకే చిత్రాన్ని మూడు భాషలవారు మూడు రకాలుగా ఎలా చెప్పుకొంటారో తెలుస్తుంది.

మూడు దారులు

ప్రపంచ సినిమా మన వైపుకు మూడు దారుల్లో వచ్చింది.

మొదటిది ప్రభుత్వం వేసిన దారి. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాలను, డాక్యుమెంటరీలను ప్రతి సినిమాహాలూ ప్రధాన చిత్రానికి ముందు వేయవలసి ఉండేది. ఇది లైసెన్సు షరతు. ఈ చిత్రాలకు వ్యాఖ్యానం అనేక భారతీయ భాషల్లో తయారయ్యేది. కరువు, ఆనకట్ట, మశూచి టీకా, ప్రధానమంత్రి పర్యటన, ఏది చూపినా ఒకే గంభీరమైన గొంతు. మన ప్రేక్షకులు ఆ పది, పదిహేను నిమిషాలను బయట టీ తాగడానికి వాడుకొన్నారు. డాక్యుమెంటరీ అంటే 'న్యూస్ రీలు' అన్న అభిప్రాయం తెలుగులో గట్టిపడింది ఇక్కడే. 1967లో ఎస్. సుఖదేవ్ తీసిన 'ఇండియా 67', అదే ఏడాది ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20' వంటివి ఆ సంస్థ లోపలినుంచే వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన యువతీయువకుల చేత వాళ్ల దేశం గురించి వాళ్ల మాటల్లోనే చెప్పించిన చిత్రం రెండవది. గంభీరమైన గొంతు తగ్గి మనుషుల గొంతులు వినిపించిన ఈ మార్పును గుర్తించి పాఠకుడికి చెప్పవలసిన పని సమీక్షకుడిది. కాని హాలులో ఉచితంగా, తప్పనిసరిగా వచ్చేదానికి సమీక్ష ఎందుకని పత్రికలు అనుకొన్నట్లుంది. 2022లో ఫిల్మ్స్ డివిజన్‌ను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలపాలని ఉత్తర్వులు వచ్చిన తరువాతగాని, ఆ నిధి విలువ మనలో చాలామందికి గుర్తు రాలేదు.

రెండవది ఫిల్మ్ సొసైటీల దారి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. 1952 జనవరిలో బొంబాయిలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగి, మద్రాసు మొదలైన నగరాలకు కూడా వెళ్లింది. ఇటలీ నవ్యవాస్తవిక చిత్రాలు మన దేశంలో పదిమందికీ కనిపించింది అప్పుడే. మన 'పాతాళభైరవి' కూడా ఆ ఉత్సవంలో ప్రదర్శితమైంది. 1959లో ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడింది. రాయ్ దాని అధ్యక్షులు. 1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడడంతో ప్రింట్లు దొరికే చోటు ఒకటి కుదిరింది. హైదరాబాదులో విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే శ్యామ్ బెనెగల్ ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. తరువాత హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, జిల్లాల్లో కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ వంటివి ఈ పనిని కొనసాగించాయి. 1986లో ఫిల్మోత్సవ్ హైదరాబాదులో జరిగింది.

ఈ దారికి దాని పరిమితి దానికి ఉంది. సభ్యులకు మాత్రమే చూపించే షరతుతో సొసైటీలకు సెన్సారు మినహాయింపు దొరికేది. రాయబార కార్యాలయాలు, జర్మన్, ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రాలు ప్రింట్లు ఇచ్చేవి. వాటిని రైలులో తెప్పించుకొని, ప్రొజెక్టరు అద్దెకు తెచ్చుకొని, మళ్లీ గడువులోగా పంపాలి. పుణె నుంచి మద్రాసు వెళ్లే రైలుమార్గం మీదనే రాయచూరు ఉంది. దేవదుర్గకు రైలు లేదు. ఆ మార్గాన పోయిన పెట్టెలు మా వైపు దిగలేదు. కాని ఆ చిత్రాల గురించిన రాత దిగింది. బస్సులో వచ్చే వారపత్రికలో, మాసపత్రికలో ఒక పేజీగా దిగింది.

మూడవది దూరదర్శన్ దారి. 1980లలో చిన్న ప్రసార కేంద్రాలు విరివిగా వచ్చిన తరువాత, ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషల్లోని పురస్కార చిత్రాలను ఇంగ్లీషు ఉపశీర్షికలతో ప్రసారం చేశారు. బెంగాలీ, మలయాళ, అస్సామీ చిత్రాలు ఊరి ఇళ్లలోకి వచ్చాయి. 'అవార్డు సినిమా' అన్న మాట తెలుగులో కొంత ఎగతాళిగా స్థిరపడింది కూడా ఈ కాలంలోనే. నెమ్మదిగా నడుస్తుంది, చివర ఏమీ తేలదు, అని దాని అర్థం. ఒక్క సమీక్ష తోడు వచ్చి ఉంటే ఆ మధ్యాహ్నాలు మరోలా ఉండేవి.

పేర్లలోనే చిక్కు

సమీక్షకుడి పని చిత్రం పేరు తెలుగులో రాయడంతోనే మొదలవుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

డి సికా 1948లో తీసిన చిత్రం పేరు ఇటాలియన్‌లో బహువచనం. అమెరికాలో విడుదల చేసినప్పుడు దాన్ని ఏకవచనం చేశారు. తెలుగులో 'సైకిల్ దొంగ' అని రాస్తే అది అమెరికా పత్రికల నుంచి వచ్చిన పేరు. 'సైకిల్ దొంగలు' అంటే మూలానికి దగ్గర. ఇది చాదస్తం కాదు. దొంగతనానికి గురైన తండ్రి చివరికి తానే మరొకరి సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్లముందు పట్టుబడతాడు. చిత్రం సారమంతా ఆ 'లు' అన్న ప్రత్యయంలో ఉంది.

రాయ్ 'పథేర్ పాంచాలీ' అన్న పేరు చూడగానే తెలుగు పాఠకుడికి ద్రౌపది గుర్తుకు వస్తుంది. బెంగాలీలో పాంచాలీ అంటే ఒక రకం కథాగేయం. దారి పాట అన్నంత అర్థం. మనకు తెలిసిన మాటే గనక వివరణ అక్కరలేదనుకొన్న చోటనే పాఠకుడు దారి తప్పుతాడు. తెలియని మాటకంటె, తెలుసు అనిపించే మాట ఎక్కువ ప్రమాదం.

మూడవది 'సంస్కార'. 1970 నాటి ఈ కన్నడ చిత్రాన్ని తీసినవారు తెలుగు కవి. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన నెల్లూరు పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామరెడ్డి. యు.ఆర్. అనంతమూర్తి నవలకు గిరీశ్ కర్నాడ్ చిత్రానుకరణ చేసి, ప్రధాన పాత్ర ధరించారు; ఛాయాగ్రహణం ఆస్ట్రేలియాకు చెందిన టామ్ కోవన్‌ది. మద్రాసులోని సెన్సారు అధికారులు మొదట అనుమతి నిరాకరించిన ఈ చిత్రానికే తరువాత జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారం వచ్చింది. 'సంస్కార' అన్న మాటకు కన్నడంలోను తెలుగులోను శుద్ధి, కర్మకాండ, నడవడిలోని నాగరికత అన్న అర్థాలు ఉన్నాయి. శవానికి అంత్యక్రియలు ఎవరు చేయాలన్న తగవే కథ గనక ఈ అర్థాలన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఇంగ్లీషులో నవలను అనువదించిన ఎ.కె. రామానుజన్ ఆ పేరును అలాగే ఉంచి, కింద ఒక ఉపశీర్షిక చేర్చవలసి వచ్చింది. తెలుగు సమీక్షకుడికి ఆ అవసరం లేదు. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పగలడు. అతనికి ఉన్న ఈ వసతి మరే విదేశీ సమీక్షకుడికీ లేదు.

మన మాటలు పరాయి దర్శకుల నోట

తెలుగు నేల గురించి ప్రపంచం చూసిన చిత్రాలు చాలావరకు తెలుగు మాతృభాష కాని దర్శకులు తీసినవి. ఇది గమనించవలసిన విషయం. బెనెగల్ 'అంకుర్' (1974), 'నిశాంత్' (1975) తెలంగాణ పల్లెల కథలు. భాష దక్కనీ పలుకుబడి ఉన్న హిందీ. మొదటిది బెర్లిన్ ఉత్సవ పోటీలోను, రెండవది కాన్ ఉత్సవ పోటీలోను ఉన్నాయి. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను తెలంగాణకు తెచ్చి 'ఒక ఊరి కథ'గా తీశారు. గౌతమ్ ఘోష్ కిషన్ చందర్ నవల ఆధారంగా తీసిన 'మాభూమి' 1980 మార్చిలో విడుదలైంది.

వీటిని ఐరోపా విమర్శకులు ఉపశీర్షికల సాయంతో చూశారు. దొర మాటకూ పాలేరు మాటకూ మధ్య ఉన్న దూరం ఉపశీర్షికలో కనిపించదు. ఇద్దరూ ఒకే ఇంగ్లీషు మాట్లాడతారు. 'నువ్వు', 'మీరు', 'వాడు', 'ఆయన' అన్న తేడాలన్నీ అక్కడ మాయమవుతాయి. భూస్వామ్యాన్ని గురించిన చిత్రంలో సర్వనామమే సగం కథ. దాని గురించి చెప్పగలిగినవాడు తెలుగు సమీక్షకుడు ఒక్కడే.

'ఒక ఊరి కథ'లో వెంకయ్యగా నటించిన ఎం.వి. వాసుదేవరావు కన్నడ నటుడు. అంతకు రెండేళ్ల ముందు బి.వి. కారంత తీసిన 'చోమన దుడి'కి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం పొందినవారు. ఉత్తరాది కథ, బెంగాలీ దర్శకుడు, కన్నడ నటుడు, తెలంగాణ ఊరు. ఈ కలయిక కార్లోవీ వారీ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక పురస్కారం అందుకొంది. పనిచేస్తే దోపిడీకి లొంగినట్లేనని, పని మానడమే ప్రతిఘటన అని వాదించే వెంకయ్యను కార్లోవీ వారీ ప్రేక్షకులు ఒక తాత్త్వికుడిగా చూసి ఉండవచ్చు. మన పల్లెలో అతన్ని ముందు సోమరి అంటారు. ఈ రెండు చూపుల మధ్య నిలబడి మాట్లాడడమే సమీక్ష.

బి. నరసింగరావు 'దాసి' (1988) మరొక పరీక్ష. 1920ల నాటి తెలంగాణ గడీ, అందులో కమలాక్షి అనే దాసి. ఈ చిత్రానికి ఉత్తమ నటి అర్చన పురస్కారంతో కలిపి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. కళాదర్శకత్వానికి పురస్కారం పొందినవారు చిత్రకారుడు టి. వైకుంఠం. దాసి, ఆడబాప, గడీ, దొరసాని, వెట్టి అన్న మాటల్లో ఏ ఒక్కటీ ఇంగ్లీషులోకి సరిగా వెళ్లదు. రాయచూరు ప్రాంతంవారికి పటేలు, పట్వారీ, జాగీరు వంటి మాటలు తెలుసు, ఎందుకంటే అది ఒకే రాజ్యపు పాలనాభాష. కోస్తా తెలుగు పాఠకుడికి వాటిలో కొన్ని వివరించవలసి ఉంటుంది. అంటే ఈ చిత్రం సమీక్షకు తెలుగు లోపలే అనువాదం కావాలి. దేవదుర్గ కన్నడిగుడికి మాత్రం సగం అక్కరలేదు. రాష్ట్ర సరిహద్దు ఒకచోట ఉంటే అనుభవపు సరిహద్దు మరొకచోట ఉంటుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

'అని', 'అట'

ఇక అసలు విషయానికి వస్తాను. గంపెర్జ్, విల్సన్ 1971లో మహారాష్ట్ర - కర్ణాటక సరిహద్దులోని ఒక గ్రామాన్ని గురించి ప్రచురించిన అధ్యయనం భాషాశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసినదే. వేర్వేరు కుటుంబాల భాషలు శతాబ్దాలు కలిసి బతికితే మాటలు వేరుగానే ఉండి, వాక్యం మాత్రం ఒకే అచ్చులోకి వస్తుందని వారు చూపించారు. మా దోఆబ్‌లోనూ అంతే. తెలుగులో 'వస్తాను అని చెప్పాడు' అంటాం. కన్నడంలో ఆ 'అని' చోట 'అంత' వస్తుంది. దక్కనీలో 'బోల్కె' వస్తుంది. ఉత్తరాది ఉర్దూలో ఈ అమరిక లేదు. ఇది దక్షిణాది నుంచి దక్కనీ తీసుకొన్న పద్ధతి.

పరుల మాటను చెప్పడానికి తెలుగులో ఇంకొక సాధనం ఉంది. అది 'అట'. 'వచ్చాడు' అంటే నాకు తెలిసి చెబుతున్నాను. 'వచ్చాడట' అంటే విన్నది చెబుతున్నాను. పూచీ నాది కాదు. కన్నడంలో దీనికి సరి 'అంతె'. ఇంగ్లీషు వాక్యంలో ఈ తేడా చూపాలంటే అదనంగా ఒక ఉపవాక్యం కావాలి. మనకు ఒక్క 'ట' చాలు.

ఇప్పుడు ప్రపంచ సినిమా గురించి తెలుగులో వచ్చిన రచనను ఈ కొలతతో చూడండి. ఇంగ్లీషు పుస్తకాలు, పత్రికలు చదివి, చూడని చిత్రం గురించి రాయడం మన పత్రికల్లో తప్పనిసరి అయిన కాలం ఉంది. అందులో తప్పు లేదు. అవి లేకపోతే బెర్గ్‌మన్, కురొసావా పేర్లు కూడా మాకు చేరేవి కావు. కాని ఆ వ్యాసాల్లో 'ట' లేదు. 'కెమెరా నెమ్మదిగా కదులుతుంది', 'ముఖంలో శూన్యం కనిపిస్తుంది' అని చూసినవాడి వాక్యాలే ఉంటాయి. పల్లెలో ఇరుగుపొరుగు వార్త చెప్పేవాళ్లు కూడా పాటించే నియమాన్ని అచ్చు తెలుగు వదిలేసింది. గ్రాంథిక వచనం నుంచి వచ్చిన గాంభీర్యానికి 'ట' చిన్నతనంగా తోచి ఉండవచ్చు. ఫలితంగా సాక్ష్యమేదో, వినికిడి ఏదో పాఠకుడికి తెలియకుండా పోయింది.

కురొసావా 'రషోమాన్' సంగతే తీసుకోండి. 1951లో వెనిస్‌లో స్వర్ణసింహం పొందిన చిత్రం. ఒక హత్య గురించి బందిపోటు, స్త్రీ, చనిపోయిన భర్త ఆత్మ, కట్టెలు కొట్టేవాడు తలొక రకంగా చెబుతారు. విచారణలో విన్న ఆ మాటలను వానకు శిథిల ద్వారం కింద చేరినవాళ్లు మూడవవాడికి చెబుతారు. ఈ కథను తెలుగులో చెప్పబోతే ప్రతి వాక్యం చివర ఆగవలసి వస్తుంది: 'చంపాడు' అనాలా, 'చంపాడట' అనాలా? చిత్రం అడిగే ప్రశ్న మన వ్యాకరణంలోనే ఉంది. ఆ వ్యాకరణాన్ని వాడుకొని రాసిన సమీక్ష ఇంగ్లీషు సమీక్షకు నకలు కానవసరం లేదు.

రాసినవారు, చూపించినవారు

తెలుగులో గంభీరమైన సినిమా విమర్శకు పునాది లేకపోలేదు. కొడవటిగంటి కుటుంబరావు సినిమా గురించి విస్తారంగా రాశారు; సాహిత్యాన్ని చూసిన కంటితోనే సినిమాను చూశారు. తరువాతి తరంలో కె.ఎన్.టి. శాస్త్రి ఉన్నారు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన తెలుగువారు. ఉత్తమ సినిమా విమర్శకుడిగా జాతీయ పురస్కారం పొంది, తరువాత తామే 'తిలాదానం', 'కమ్లి' చిత్రాలు తీశారు. సురభి నాటక సమాజం గురించి డాక్యుమెంటరీ తీశారు. చూసి చెప్పడం, తీసి చూపడం అనే రెండు పనులూ ఒకే మనిషి చేసిన సందర్భం ఇది.

పక్క ఇంట్లో జరిగిన పని కూడా చెప్పాలి. శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే చిన్న గ్రామంలో కె.వి. సుబ్బణ్ణ నీనాసం సంస్థ ద్వారా 1970లలో ఫిల్మ్ సొసైటీ నడిపి, ప్రపంచ ప్రసిద్ధ చిత్రాలను రైతులకు, కూలీలకు చూపించారు. సినిమా గురించి కన్నడంలో పుస్తకాలు తెచ్చారు. 1991లో ఆయనకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. పల్లెవాళ్లకు ఈ చిత్రాలు అర్థం కావన్న వాదానికి హెగ్గోడు జవాబు. చిత్రానికి ముందు కన్నడంలో నాలుగు మాటలు, తరువాత కన్నడంలో చర్చ. అక్కడ సమీక్ష నోటి మాటగా పుట్టింది, కాబట్టి దాని వాక్యం నోటికి దగ్గరగా ఉంది. మన సమీక్ష అచ్చులో పుట్టింది.

పరిభాష గురించి కొంత

'సమీక్ష'లో చూడడం అన్న ధాతువు ఉంది. 'విమర్శ'లో తడిమి చూసి ఆలోచించడం ఉంది. రెండూ మంచి మాటలే. 'దర్శకుడు' మాత్రం వింతైన మాట. తెలుగులో చిత్రం తీసేవాడు దర్శకుడు. హిందీలో చూసేవాడు దర్శక్. దేవదుర్గ వంటి చోట రెండు పత్రికలూ చదివేవాడు నవ్వుకోక తప్పదు. 'డాక్యుమెంటరీ' అన్న ఇంగ్లీషు మాట ఈ అర్థంలో వాడుకలోకి వచ్చింది కూడా ఒక సమీక్ష వల్లనే: ఫ్లాహెర్టీ తీసిన 'మోఆనా' చిత్రం గురించి 1926లో జాన్ గ్రియర్సన్ ఒక న్యూయార్కు పత్రికలో రాసిన సమీక్ష. ఒక కళారూపానికి పేరు సమీక్షకుడు పెట్టాడు. తెలుగులో మనం 'వార్తాచిత్రం', 'లఘుచిత్రం' అని నిడివినిబట్టి, విషయాన్నిబట్టి పేర్లు వాడుకొన్నాం. మూడు గంటల డాక్యుమెంటరీ లఘుచిత్రం కాదు; 'దాసి' వంటి కల్పిత కథ కూడా సాక్ష్యమే. ఈ మాటలకు మారుగా కొత్త సంస్కృత సమాసం చేయడంకంటె డాక్యుమెంటరీ అని రాసి, ఆ చిత్రం దేన్ని ఎలా రుజువు చేస్తోందో వివరించడం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు చేయవలసింది

ఈ రోజు పరిస్థితి తిరగబడింది. బొమ్మకు కొరత లేదు. దేవదుర్గలో చేతిలోని ఫోనులో కురొసావా దొరుకుతాడు. కొరత వచ్చింది పాత మాటకు. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో భాండాగారానికి చెందిన తొలికాలపు నైట్రేట్ ప్రింట్లు ఎన్నో కాలిపోయాయి. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఇప్పుడు చూడడానికి లేదు. పోయిన చిత్రం గురించి మిగిలేది చూసినవాళ్లు రాసిన రాత. అదైనా మిగలాలంటే అది ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి. ఫిల్మ్ సొసైటీలు సభ్యులకు పంచిన సైక్లోస్టైలు కాగితాలు, ఉత్సవాల దినపత్రికలు, జిల్లా పత్రికల సినిమా పేజీలు ఏ గ్రంథాలయ సూచికలోను సరిగా చేరలేదు.

తెలుగు అధ్యయన పీఠాలు ఈ పని చేపట్టవచ్చు. మొదటిది, ఈ కాగితాల సేకరణ; హైదరాబాదు, కరీంనగరంతోపాటు బళ్లారి, రాయచూరు వంటి సరిహద్దు పట్టణాల్లోనూ వెతకాలి. రెండవది, ఆ సమీక్షల్లోని పారిభాషిక పదాలకు తేదీలతో కూడిన నిఘంటువు. మూడవది, 1960ల నుంచి సొసైటీల్లో సినిమా చూసినవారి మాటలను వాళ్ల మాండలికంలోనే రికార్డు చేయడం. వాళ్లలో పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. వాళ్లు చెప్పే వాక్యాల్లో 'చూశాను' ఎక్కడ వస్తుందో, 'ట' ఎక్కడ వస్తుందో జాగ్రత్తగా రాసుకోవాలి. సరిదిద్ది అచ్చు తెలుగులోకి మార్చకూడదు.